చిలకలగూడ పంతులమ్మ, ఎల్లారెడ్డి ఎమ్మెల్యే: జె. ఈశ్వరీబాయి గారి జీవితం

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏడూ ఒక మహనీయుల జీవిత చరిత్ర ఉండడం ఆనవాయితీ. పాత సంచికలు తిరగేస్తే అంబేద్కర్ గారి మీద ఐదు వ్యాసాలు, ఫూలే దంపతుల మీద మూడు, అబ్దుల్ కలాం గారి మీద రెండు దొరికాయి. ఆ మహానుభావుల గురించి ఎంత రాసినా తక్కువే. కానీ ఈసారి మా వార్డెన్ మేడం ఒక షరతు పెట్టారు. ఈ సికింద్రాబాద్‌లోనే పుట్టి, ఈ బస్తీల్లోనే తిరిగి, మనలాంటి పిల్లల కోసం పాటుపడిన మనిషి ఎవరైనా ఉంటే వారి గురించి రాయమన్నారు. మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇక్కడ ఐదేళ్ళుగా ఉంటున్నాం, ఒక్క పేరూ తట్టలేదు.

మేము కాలేజీకి వెళ్ళే బస్సు వెస్ట్ మారేడ్‌పల్లి మీదుగా పోతుంది. అక్కడ ఒక స్త్రీ విగ్రహం ఉంది. రోజూ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాం. ఎవరో నాయకురాలై ఉంటుంది అనుకున్నామే తప్ప ఒక్కనాడూ దిగి పేరు చదవలేదు. మేడం అడిగిన మర్నాడు ఒక స్టాప్ ముందే దిగి చదివాం. జె. ఈశ్వరీబాయి. మా గదిలో ముగ్గురం కలిసి లైబ్రరీలో వెతికి, పెద్దలను అడిగి రాసుకున్నదే ఈ వ్యాసం. కలం పట్టింది ఒకరే అయినా కష్టం ముగ్గురిది, అందుకే మేము అనే రాస్తున్నాం. తప్పులుంటే అక్కలు, పూర్వ విద్యార్థులు పెద్ద మనసుతో సరిదిద్దగలరు.

ఈశ్వరీబాయి గారు 1918 డిసెంబరు 1న సికింద్రాబాద్ చిలకలగూడలో ఒక దళిత కుటుంబంలో పుట్టారు. తండ్రి బల్లెపు బలరామస్వామి, తల్లి రాములమ్మ. తండ్రి నిజాం రైల్వేలో ఉద్యోగి. చిలకలగూడ అంటే మనకు తెలిసిందే, సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌కు అవతలి పక్క. ఈనాటికీ అక్కడ రైలు కూత వినకుండా తెల్లవారదు.

ఇక్కడ కాస్త ఆగి ఒక సంగతి చెప్పాలి. చరిత్ర సబ్జెక్టు వాళ్ళం కాబట్టి ఆగకుండా ఉండలేం. నిజాం రాజ్యంలోని పల్లెల్లో దళితుల బతుకు వెట్టి చాకిరీ. జీతం అనే మాటే లేదు. సికింద్రాబాద్ తీరు కొంచెం వేరు. 1806లో కంటోన్మెంట్‌గా మొదలైన ఊరు ఇది. ఇంగ్లీషు వాళ్ళ పటాలాలు, మిషనరీ బడులు, తర్వాత రైల్వే, లాలాగూడ వర్క్‌షాపు వచ్చాయి. అంటరానితనం ఇక్కడ పోయిందని కాదు. కానీ ఊళ్ళో దొర గడప ముందు నిలబడాల్సిన మనిషికి ఇక్కడ నెల తిరిగేసరికి చేతిలో జీతం పడింది. జీతం ఉన్న ఇంట్లో పిల్లను బడికి పంపే ధైర్యం వచ్చింది. ఈశ్వరీబాయి గారి ఇల్లు అలాంటిది. ఎస్‌పీజీ మిషన్ స్కూల్లో ప్రాథమిక విద్య, ఆ తర్వాత కీస్ హైస్కూల్. మన హాస్టల్ నుంచి ఈ రెంటికీ నడిచి వెళ్ళగలం.

జంట నగరాల్లో దళిత చైతన్యం కూడా ఆ రోజుల్లోనే లేచింది. భాగ్యరెడ్డి వర్మ గారు 1906 నుంచే పనిచేస్తూ బస్తీల్లో బడులు పెట్టారు. తాగుడు, బాల్య వివాహాలు, జోగిని ఆచారం వద్దని ఊరూరా చెప్పారు. మనం ఈ దేశపు తొలి వాసులం, ఆది హిందువులం అని ప్రకటించారు. 1931 జనాభా లెక్కల్లో నిజాం ప్రభుత్వం ఆ పేరుతోనే మనవాళ్ళను నమోదు చేసింది. అరిగె రామస్వామి, బి.ఎస్. వెంకట్రావు, జె.హెచ్. సుబ్బయ్య వంటి వారు ఈ గల్లీల్లోనే సభలు పెట్టారు. ఆ గాలి పీలుస్తూ పెరిగిన పిల్ల ఈశ్వరీబాయి.

అయినా ఆ కాలపు ఆచారం ఆమెను వదల్లేదు. పదమూడేళ్ళకే పెళ్ళి చేశారు. వరుడు పూణేకు చెందిన దంత వైద్యుడు డాక్టర్ జెట్టి లక్ష్మీనారాయణ. సంబంధం మంచిదే, చదువుకున్న వాడు, పైగా డాక్టరు. ఆనాటి పెద్దలు ఎంత సంతోషించి ఉంటారో మనం ఊహించుకోవచ్చు. ఆమె పూణే వెళ్ళారు. అక్కడే మరాఠీ వంటబట్టింది. తర్వాతి రోజుల్లో తెలుగు, హిందీ, ఉర్దూ, ఇంగ్లీషులతో పాటు మరాఠీలోనూ ధారాళంగా ప్రసంగించేవారు. కానీ పూణేలో జీవితం నిలవలేదు. బిడ్డను వెంటబెట్టుకుని చిలకలగూడకు తిరిగి వచ్చారు. ఆ బిడ్డ పేరు గీత.

ఈ ఒక్క వాక్యం రాయడానికి మాకు చాలాసేపు పట్టింది. ఎందుకంటే మా గదిలో నాలుగో మంచం ఖాళీగా ఉంది. డిగ్రీ రెండో ఏడు దసరా సెలవులకు ఊరికి పోయిన మా స్నేహితురాలు తిరిగి రాలేదు. సంబంధం కుదిరిందని కబురొచ్చింది. పెళ్ళికి వెళ్ళాం, భోజనం చేశాం, ఫొటోలు దిగాం, వచ్చేశాం. ఆమె ట్రంకు పెట్టె ఏడాది పాటు మంచం కిందే ఉంది. తర్వాత వాళ్ళ తమ్ముడు వచ్చి తీసుకుపోయాడు. అడిగితే బాగానే ఉందన్నాడు. అంతకు మించి అడగడం మాకు చేత కాలేదు. ఇప్పటికీ కూతురు పుట్టింటికి తిరిగొస్తే గల్లీ అంతా గుసగుసలే. ఇంచుమించు ఎనభై ఏళ్ళ కిందట ఒక దళిత స్త్రీ పసిబిడ్డతో తిరిగొస్తే చిలకలగూడ ఏమనుకుందో ఎవరూ రాసిపెట్టలేదు. ఆమె ఏం చేసిందో మాత్రం తెలుసు. ఇంట్లో కూర్చోలేదు. సికింద్రాబాద్‌లోని పరోపకారిణి పాఠశాలలో టీచరుగా చేరారు.

ఈశ్వరీబాయి గారి గురించి రాసే వాళ్ళు ఈ పంతులమ్మ సంగతి రెండు ముక్కల్లో ముగించి అసెంబ్లీకి వెళ్ళిపోతారు. మాకు మాత్రం అసలు బలమంతా ఇక్కడే ఉందనిపించింది. బడిలో పాఠాలు చెప్పడమే కాక సంపన్నుల ఇళ్ళకు వెళ్ళి వాళ్ళ పిల్లలకు ట్యూషన్లు చెప్పేవారు. కులం కారణంగా గడప బయట నిలబెట్టే కాలంలో, పాఠం చెప్పే మనిషిగా గడప లోపలికి వెళ్ళారు. వచ్చిన డబ్బుతో కూతురిని చదివించుకున్నారు. కాస్త నిలదొక్కుకోగానే చిలకలగూడలో సొంతంగా ఒక బడి పెట్టారు. దానికి కూతురి పేరే పెట్టారు, గీతా విద్యాలయం. ఆ బడితో పాటు బస్తీ స్త్రీలకు కుట్టుపని, పెయింటింగ్ వంటి చేతిపనులు నేర్పించారు. అక్షరం ఒక చేతికి, పని ఇంకో చేతికి. మొగుడు వదిలేసిన ఆడది, మొగుడు చనిపోయిన ఆడది, మొగుడు తాగి వచ్చే ఆడది, వీళ్ళకు ఏం కావాలో ఆమెకు పుస్తకాల్లో చదివి తెలుసుకోవాల్సిన అవసరం లేకపోయింది.

బడి నడిపే మనిషికి గల్లీలోని ప్రతి ఇల్లూ తెలుస్తుంది. ఏ ఇంట్లో పిల్లలున్నారు, ఎవరు బడి మానేశారు, ఎందుకు మానేశారు, ఏ పంపు దగ్గర నీళ్ళు రావడం లేదు, అన్నీ తెలుస్తాయి. రాజకీయాల్లోకి ఆమె ఆ దారిలోనే వచ్చారని మా అభిప్రాయం. 1944లో అంబేద్కర్ గారు హైదరాబాద్ వచ్చినప్పుడు ఇక్కడి దళిత యువతలో కొత్త ఊపు వచ్చింది. షెడ్యూల్డ్ కులాల సమాఖ్య నగరంలో గట్టిగా పనిచేసింది. 1948లో పోలీసు చర్య జరిగి నిజాం పాలన పోయింది. 1951లో మున్సిపల్ ఎన్నికలు వచ్చాయి. అప్పటికి సికింద్రాబాద్‌కు వేరే మున్సిపల్ పాలన ఉండేది, హైదరాబాద్‌తో కలిపింది 1960లో. ఈశ్వరీబాయి గారు చిలకలగూడ నుంచి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి కౌన్సిలర్‌గా గెలిచారు. పార్టీ లేదు, ధనం లేదు. బడి ఉంది, అంతే. గుడిసెవాసులకు జాగా, నీళ్ళు, దీపాలు, మురికి కాల్వలు, ఇవే ఆమె పట్టుకున్న పనులు. ఇవాళ కార్పొరేటర్ అంటే కారు, ఫ్లెక్సీ గుర్తొస్తాయి గానీ, ఆనాడు కౌన్సిలర్ అంటే గల్లీ గల్లీ నడవడమే.

1956 డిసెంబరు 6న బాబాసాహెబ్ కన్నుమూశారు. ఆయన తలపెట్టిన రిపబ్లికన్ పార్టీ ఆఫ్ ఇండియా మరుసటి ఏడు అక్టోబరులో నాగపూర్‌లో ఏర్పడింది. ఈశ్వరీబాయి గారు ఆ పార్టీలో చేరారు. ఆంధ్రప్రదేశ్ శాఖలో కార్యదర్శి బాధ్యతలు, ఆ పిమ్మట అధ్యక్ష బాధ్యతలు మోశారు. అధికారం ఉన్నది కాంగ్రెస్‌లో. పదవి కావాలనుకుంటే దారి అటే. ఆమె నీలి జెండానే పట్టుకున్నారు.

1967 సాధారణ ఎన్నికల్లో ఆమె నిజామాబాద్ జిల్లా ఎల్లారెడ్డి రిజర్వుడు స్థానం నుంచి పోటీ చేశారు. ఇప్పుడది కామారెడ్డి జిల్లాలో ఉంది. మా ముగ్గురిలో ఒకరిది ఆ పక్క ఊరే కాబట్టి ఈ భాగం మాకు మరింత ఇష్టం. ఆ ఎన్నికలో ఆమెకు ప్రత్యర్థి ఎవరో తెలిసినప్పుడు మేము పుస్తకం మూసేసి కాసేపు కూర్చున్నాం. ప్రత్యర్థి టి.ఎన్. సదాలక్ష్మి గారు.

చెల్లెళ్ళకు సదాలక్ష్మి గారి గురించి కూడా కొంచెం చెప్పాలి. ఆమె కూడా సికింద్రాబాద్ ఆడబిడ్డే. 1928లో పుట్టారు, ఈశ్వరీబాయి గారి కంటే పదేళ్ళు చిన్న. పారిశుద్ధ్య కార్మికుల కుటుంబం నుంచి వచ్చి చదువుకుని, కాంగ్రెస్‌లో చేరి, శాసనసభ్యురాలై, డిప్యూటీ స్పీకరై, దేవాదాయ శాఖ మంత్రి అయ్యారు. తరతరాలుగా తమను గుడి మెట్టు ఎక్కనివ్వని సమాజంలో గుళ్ళన్నీ ఆమె శాఖ కిందికి వచ్చాయి. 1962లో ఎల్లారెడ్డి నుంచి గెలిచింది ఆమే. 1967లో ఆ సీటులో ఆమెను ఓడించింది ఈశ్వరీబాయి గారు.

సికింద్రాబాద్‌లో పుట్టిన ఇద్దరు దళిత స్త్రీలు, ఎక్కడో దూరాన ఉన్న ఒక్క రిజర్వుడు సీటు కోసం తలపడ్డారు. ఒకరు గెలవాలంటే ఒకరు ఓడాలి. మొత్తం 287 సీట్ల అసెంబ్లీలో ఇద్దరికీ చోటు దొరకలేదా అనిపించింది మాకు. జనరల్ సీటు దళితులకు ఏ పార్టీ ఇస్తుంది, అందునా ఆడవాళ్ళకు? ఈ ప్రశ్న అప్పటిది మాత్రమే కాదు. మా హాస్టల్‌లో పీజీ సీటుకు, స్కాలర్‌షిప్‌కు, ఆఖరికి కింద అంతస్తు గదికి కూడా మాలో మేమే పోటీ పడతాం. ఓడిన సదాలక్ష్మి గారి మీద మాకు గౌరవం తగ్గలేదు, గెలిచిన ఈశ్వరీబాయి గారి మీద పెరిగింది. ఎందుకంటే ఎదుట ఉన్నది మంత్రి పదవి చేసిన మనిషి, వెనక ఉన్నది అధికార పార్టీ. ఆ ఎన్నికల్లో రిపబ్లికన్ పార్టీకి రాష్ట్రం మొత్తం మీద వచ్చినవి రెండే సీట్లు.

అసెంబ్లీలో ఆమె గొంతు అందరికీ తెలిసిపోయింది. అధికార పక్షం 165 మంది. రిపబ్లికన్ పార్టీ ఇద్దరు. అయినా దళితుల భూమి, కూలీలకు కూలి, ఉద్యోగాల్లో వాటా, ఆడపిల్లల చదువు, ఏ చర్చ వచ్చినా లేచి నిలబడేవారు. మాటకు మాట ఘాటుగా ఉండేది. టీచరమ్మ కదా, లెక్క తప్పు చెబితే అక్కడే పట్టుకునేవారేమో అని మేము నవ్వుకున్నాం.

నవ్వు రాని సంగతి 1968ది. ఆ ఏడు ఫిబ్రవరిలో కృష్ణా జిల్లా కంచికచర్లలో కోటేశు అనే దళిత పాలేరు కుర్రవాడిని దొంగతనం మోపి, కట్టేసి, కిరోసిన్ పోసి సజీవంగా తగలబెట్టారు. కోటేశు వయసు మన ఇంటర్ చదివే తమ్ముళ్ళ వయసు. పార్లమెంటు దాకా ఆ మంట వెళ్ళింది. దీని మీద శాసనసభలో గొడవ జరుగుతున్నప్పుడు ఆనాటి మంత్రి ఒకరు దళితులను కించపరిచేలా మాట్లాడారు. ఈశ్వరీబాయి గారు ఊరుకోలేదు. నిండు సభలో చెప్పు తీసి చూపించారని ఆనాటి తరం వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. సభా మర్యాద సంగతేమిటని మాలో మేము వాదించుకున్నాం. ఒకరు అది తప్పన్నారు, చట్టసభలో మాటే ఆయుధం కావాలన్నారు. ఇంకొకరు, మనిషిని తగలబెట్టిన మర్యాద గురించి ముందు తేల్చమన్నారు. వాదన రాత్రి స్టడీ అవర్ దాటింది, వాచ్‌మన్ తాత వచ్చి లైటు ఆర్పమన్నాడు. వాదన తేలలేదు. ఇక్కడ తేల్చే ప్రయత్నం కూడా చేయడం లేదు.

1969 వచ్చింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు తెలంగాణకు ఇచ్చిన హామీలు అమలు కాలేదని, ముల్కీ నిబంధనలను పక్కనపెట్టి ఉద్యోగాలు బయటివారికి పోతున్నాయని విద్యార్థులు రోడ్డెక్కారు. ముల్కీ అంటే స్థానికుడు, కనీసం పదిహేనేళ్ళు ఇక్కడ నివాసం ఉండాలన్నది పాత నిబంధన. ఆ ఉద్యమంలో 369 మంది చనిపోయారని అంటారు. ఎక్కువమంది విద్యార్థులే, మన వయసు వాళ్ళే. గన్‌పార్కులో ఉన్న స్తూపం అందరికీ తెలుసు. సికింద్రాబాద్ క్లాక్ టవర్ దగ్గర కూడా ఆ అమరుల గుర్తుగా స్తూపం ఉందని మనలో చాలామందికి తెలియదు. కాల్పులు ఈ వీధుల్లోనూ జరిగాయి.

ఈశ్వరీబాయి గారు ఆ ఉద్యమంలో ముందు వరుసలో నిలిచారు. సభల్లో మాట్లాడారు, ఊరేగింపుల్లో నడిచారు, అరెస్టయి జైలుకు వెళ్ళారు. దళిత ఎమ్మెల్యే తెలంగాణ ఉద్యమంలో ఎందుకు అన్న వాళ్ళకు సమాధానం సులువే. ఉద్యోగం పోతే ముందు పోయేది ఎవరిదో చిలకలగూడలో అడిగితే చెబుతారు. ఇంకో విశేషం ఏమిటంటే, రెండేళ్ళ కిందట ఎల్లారెడ్డిలో ఆమె మీద ఓడిపోయిన సదాలక్ష్మి గారు కూడా అదే ఉద్యమంలో అంతే గట్టిగా నిలబడ్డారు, జైలుకు వెళ్ళారు. ఎన్నిక విడదీసిన ఇద్దరిని ఉద్యమం ఒక పక్కన చేర్చింది. ఇది చదివినప్పుడు మాకు కలిగిన సంతోషం చెప్పలేం.

1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజా సమితి 14 సీట్లలో 10 గెలిచింది. ప్రజలు ఇంత స్పష్టంగా చెప్పాక రాష్ట్రం వస్తుందనే అందరూ అనుకున్నారు. కానీ ఆ ఏడు సెప్టెంబరులోనే మర్రి చెన్నారెడ్డి గారు సమితిని కాంగ్రెస్‌లో కలిపేశారు. పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రి అయ్యారు. నాయకులు ఒక్కొక్కరుగా కాంగ్రెస్ గూటికి చేరారు. కలవడానికి ఇష్టపడని కొద్దిమంది సంపూర్ణ తెలంగాణ ప్రజా సమితిగా మిగిలారు. వారిలో ఈశ్వరీబాయి గారు ఒకరు.

1972 అసెంబ్లీ ఎన్నికల్లో కాంగ్రెస్ గాలి ఎలా వీచిందంటే 287లో 219 సీట్లు వాళ్ళవే. బంగ్లాదేశ్ యుద్ధం గెలిచిన ఇందిరాగాంధీ గారి పేరు ఊరూరా మోగిపోతున్న రోజులు. అలాంటి ఎన్నికల్లో సంపూర్ణ తెలంగాణ ప్రజా సమితికి రాష్ట్రం మొత్తం మీద ఒకే ఒక్క సీటు వచ్చింది. అది ఎల్లారెడ్డి. గెలిచింది ఈశ్వరీబాయి గారు. పెద్ద పెద్ద నాయకులు కలిసిపోయిన చోట ఒక టీచరమ్మ ఒంటరిగా ఆ పేరు మీద సభలో కూర్చున్నారు. ఆ తర్వాత ముల్కీ నిబంధనల మీద 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు, కోస్తాలో జై ఆంధ్ర ఉద్యమం, 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన, ఆరు సూత్రాల పథకం, అన్నీ వరుసగా జరిగిపోయాయి. ప్రత్యేక రాష్ట్రం మాత్రం రాలేదు. 1969 ఉద్యమం గురించి వచ్చే వ్యాసాల్లో ఈ ఒక్క సీటు సంగతి ఎక్కువమంది రాయరు. పోటీ పరీక్షలకు చదివే అక్కలు గుర్తుపెట్టుకోవచ్చు, ప్రశ్నగా రావడానికి అవకాశం ఉంది.

1978 నాటికి నియోజకవర్గాల పునర్విభజన జరిగి ఎల్లారెడ్డి జనరల్ స్థానమైంది, పక్కనున్న జుక్కల్ రిజర్వుడు అయింది. పదేళ్ళకు పైగా తిరిగి సంపాదించుకున్న ఊళ్ళు ఒక్క గెజిట్‌తో చేజారాయి. రిజర్వుడు సీటులో గెలిచే వాళ్ళందరికీ ఉన్న బాధే ఇది. వేరు పట్టే లోపే మడి మారిపోతుంది.

శాసనసభ్యత్వంతో పాటు ఆమె రాష్ట్ర మహిళా శిశు సంక్షేమ సంస్థకు అధ్యక్షురాలిగా కూడా పనిచేశారు. ఆడపిల్లలకు ఒకటి నుంచి పదో తరగతి వరకు ఉచిత విద్య ఇవ్వాలని పట్టుబట్టి సాధించిన వాళ్ళలో ఆమె పేరు ముందు చెబుతారు. ఇది కూడా చాలా వ్యాసాల్లో చివర్న ఒక లైనుగా వస్తుంది. మాకు ఒక లైనుతో సరిపెట్టడానికి మనసొప్పలేదు. మా ముగ్గురి ఇళ్ళలోనూ మొదటి డిగ్రీ మాదే. ఒకరి అమ్మ అక్షరం రాని మనిషి. ఒకరి అమ్మ ఐదు దాకా చదివింది. మరొకరి అమ్మ పదో తరగతి తప్పింది, ఇప్పటికీ ఇంటి లెక్కలన్నీ ఆమే రాస్తుంది. పదో తరగతి దాకా ఎలా చదివావమ్మా అని ఫోన్‌లో అడిగితే, ఫీజు లేదు కాబట్టి తాత పంపించాడు, లేకపోతే మామయ్యనొక్కడినే పంపేవాడు అంది. ఆడపిల్లకు ఫీజు కట్టాలా వద్దా అన్నది ఇంట్లో ఎంత పెద్ద పంచాయితీయో ఈ హాస్టల్‌లో ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు.

కూతురు గీత డాక్టరు చదివారు. చిలకలగూడ బడికి పేరైన ఆ పిల్లే డాక్టర్ జె. గీతారెడ్డి. 1989లో గజ్వేల్ రిజర్వుడు స్థానం నుంచి కాంగ్రెస్ తరఫున గెలిచి శాసనసభలో అడుగుపెట్టారు. తర్వాత మంత్రి కూడా అయ్యారు. తల్లి జీవితమంతా ఎదిరించిన పార్టీలోనే కూతురు చేరడం గురించి మాలో ఒకరు పెదవి విరిచారు. మాకు తోచిందేమంటే, తల్లి కాలపు పార్టీ మిగల్లేదు, రిపబ్లికన్ పార్టీ ముక్కలు ముక్కలైపోయింది. ఏమైనా కూతురు సభలో కూర్చోవడం తల్లి కళ్ళారా చూశారు. పదమూడేళ్ళకు పెళ్ళయిన ఆమె, తన బిడ్డకు మాత్రం చదువే ముందు పెట్టారు.

ఈశ్వరీబాయి గారు 1991 ఫిబ్రవరి 24న కన్నుమూశారు. వయసు 72 ఏళ్ళు. తెలంగాణ రాష్ట్రం వచ్చింది 2014 జూన్ 2న, అంటే ఆమె పోయిన ఇరవై మూడేళ్ళకు. ఇది రాస్తున్న మా వయసు కూడా సరిగ్గా ఇరవై మూడే. కొత్త రాష్ట్రంలో ఆమె జయంతి, వర్ధంతులను ప్రభుత్వం అధికారికంగా జరపడం మొదలైంది. ఆమె పేరున ఒక ట్రస్టు ఉంది, వెస్ట్ మారేడ్‌పల్లిలో ఆమె పేరు మీదే నర్సింగ్ కాలేజీ నడుస్తోంది. మన హాస్టల్ అక్కలు కొందరు నర్సింగ్ చదువుతున్నారు. ఆ కాలేజీ బోర్డు మీది పేరు ఎవరిదో మొన్న వారిని అడిగితే, ఓనర్ వాళ్ళ అమ్మ పేరేమో అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అయినా బస్సు కిటికీలోంచి రెండేళ్ళు చూసి పేరు చదవని మేము వాళ్ళను ఏమనగలం.

ఈ వ్యాసం సగం అయ్యాక చిలకలగూడకు నడిచి వెళ్ళాం. గల్లీలు ఇరుకు, ఇళ్ళు మూడంతస్తులు. ఒక కిరాణా కొట్టు ముందు కూర్చున్న పెద్దావిడను అడిగాం. ఈశ్వరీబాయి పేరు చెప్పగానే గుర్తుపట్టింది. తన చిన్నతనంలో ఆమె ఈ దారిన వస్తుంటే బడి ఎగ్గొట్టిన పిల్లలు ఇళ్ళలో దాక్కునే వాళ్ళమని చెప్పింది. ఎమ్మెల్యే అయినాక కూడానా అని అడిగాం. అయినాక ఇంకా ఎక్కువ అంది. మాకు చాయ్ పోయించింది, డబ్బులు తీసుకోలేదు. ఏం చదువుతున్నారని అడిగింది. పీజీ అన్నాం. ఆ తర్వాత ఏం చేస్తారంది. మేము ముగ్గురం మూడు జవాబులు చెప్పాం. సాయంత్రం ఏడున్నరకు మెస్ మూసేస్తారు కాబట్టి లేచి వచ్చేశాం.